విద్రవకరుణము: చేరిన పిమ్మటి దుఃఖమును గూర్చి

తెలుగువారి ఇంటిపేర్లలో చాలభాగము ఊరిపేర్లేయను సంగతి అందరెఱిగినదే. అయితే ఆ పేరు ఇప్పుడు కాపురమున్న ఊరిది కాదు, విడిచివచ్చిన ఊరిది. ఒక ఊరిలోనివారందరును ఆ ఊరివారే గాన, ఆ పేరుతో ఒక కుటుంబమును వేరుపఱచి పిలుచుటకు వీలులేదు. ఆ కుటుంబము మఱియొక ఊరు చేరిననాడు, అక్కడివారు ఫలానా ఊరివారని పిలువగా పిలువగా, అది ఇంటిపేరై నిలుచును. కావున మన ఇంటిపేర్ల పట్టిక చాలవఱకు మన వలసల పట్టికయే. పుట్టపర్తి నారాయణాచార్యులవారు 1914లో జన్మించినది అనంతపురమునకు సమీపమునగల చియ్యేడులో. బాల్యము గడచినది పెనుగొండలో. పిమ్మట చిరకాలము నివసించినది కడపలో. లోకము వారిని పిలిచినది మాత్రము చిత్రావతి యొడ్డునగల పుట్టపర్తి పేరుతో.

ఆ పుట్టపర్తి 2022 ఏప్రిలులో ఒక జిల్లాకు ముఖ్యస్థానమైనది. దేశదేశములనుండి జనులు వచ్చు ఊరని దానికి ప్రసిద్ధి కలదు. ఐనను చుట్టునున్న బుక్కపట్నము, కొత్తచెఱువు, నల్లమాడ, ఓబుళదేవరచెఱువు ప్రాంతముల పల్లెలనుండి జనులు బయటికి పోవుట అంతకంటె పాతకథ. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు అదనెఱిగి కురియని వాన. దానిని నమ్మి వేరుసెనగ విత్తుట. ఊడలు దిగువేళకు పదును తప్పుట. బోరు వేయుటకు అప్పు, బోరులో నీరు పడకున్న మఱియొక బోరునకు మఱియొక అప్పు. తుదకు ఇంటికి తాళమువేసి, ముసలివారిని అరుగుమీద విడిచి, బెంగుళూరు బస్సెక్కుట. ఇట్లు పోయినవారిని శాస్త్రార్థమున శరణార్థులనుటకు వీలులేదు. 1951 నాటి జెనీవా ఒప్పందము శరణార్థికిచ్చిన లక్షణము వేరు: జాతి, మతము, రాజకీయాభిప్రాయము మున్నగు కారణములచే హింసకు జంకి, స్వదేశమును విడిచినవాడే శరణార్థి. ఆ భేదమును చెఱపివేయుట మా యుద్దేశము కాదు. హింసకు వెఱచి పాఱినవానికిని, వాన లేక వెడలినవానికిని, ఆనకట్ట నీట ఊరు మునిగినవానికిని హక్కులు వేరు, గతులు వేరు. ఐనను ముగ్గురికిని ఒక్కచోట పోలిక కలదు. మువ్వురును ఒకనాడు ఎక్కడికో చేరుదురు. ఇల్లు దొరకును, కూలియో ఉద్యోగమో దొరకును. లోకము వారిని గూర్చి నిట్టూర్పు విడిచి తన పని తాను చూచుకొనును. వారి మనస్సునకు ఆపద తఱచు అప్పుడే ఆరంభమగును.

చేరిన పిమ్మట కలుగు ఈ దుఃఖమును, ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి వచ్చు ఆ దుఃఖమును, మన సాహిత్యము చూచినదా? చూచినచో, మనము దానిని చూచితిమా? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము మొదటిదానికంటె కష్టతరమని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము.

భరతుడు కరుణరసమునకు విభావములను లెక్కించుచు శాపక్లేశమును, ఇష్టజనవియోగమును, విభవనాశమును, వధబంధములను చెప్పి, వానితోపాటు విద్రవమును కూడ చెప్పినాడు. విద్రవమనగా భయముచే స్థానము విడిచి పాఱుట. అనగా రసశాస్త్రమునకు శరణార్థి క్రొత్తవాడు కాడు. ఆదిలోనే అతనికి చోటొకటి కేటాయింపబడినది. కాని కరుణమునకు ఉదాహరణములు చూపవలసివచ్చినప్పుడు మన పండితులకు వెంటనే స్ఫురించునవి అజవిలాపము, రతివిలాపము. ఇష్టజనవియోగము చోటంతయు ఆక్రమించుకొన్నది. విద్రవము సూత్రములో పదముగా మాత్రమే మిగిలినది.

మా ప్రాంతపు ఉదాహరణమునే చూతము. 1565 జనవరిలో, తళ్ళికోట యుద్ధమని వాడుకలోనున్న సంగ్రామమున రామరాయలు హతుడైన పిదప, తిరుమలరాయలు రాజపరివారమును ధనమును వెంటగొని విజయనగరమును విడిచి పెనుగొండ చేరెను. నూఱుమైళ్లకు పైబడిన ఆ దారిలో నడచినవారు రాజబంధువులు మాత్రమేయని తలచుట పొరపాటు. రాజధాని కదలినప్పుడు దానినాశ్రయించి బ్రదుకువారును కదలుదురు. పుట్టపర్తికి సమీపముననున్న పెనుగొండ ఆ విధముగా ఒక పెద్ద నగరముయొక్క శేషమునకు ఆశ్రయమైనది. ఆ వచ్చినవారు తొలియేడు ఎట్లు నిద్రించిరి? క్రొత్తకొండ నీడలో తెల్లవాఱుట చూచి ఏమనుకొనిరి? ఇట్టి విషయమును చెప్పు కావ్యము మనకు లేదు.

ఉన్నది శిథిలకావ్యము. నారాయణాచార్యులవారు బాల్యముననే రచించిన "పెనుగొండలక్ష్మి" ఆ కోవలో ప్రసిద్ధము. తాము వ్రాసిన ఆ కావ్యమే తమ విద్వాన్ పరీక్షకు పాఠ్యమై వచ్చెనను విశేషమును సాహితీపరులందఱును ముచ్చటగా చెప్పుకొందురు. కొడాలి వేంకటసుబ్బారావుగారి "హంపీక్షేత్రము" ఆ జాతిదే. ఈ కావ్యముల సొగసును మేము తక్కువచేయుట లేదు. అంత చిన్నవయస్సున పద్యమునకు అంత ఊపిరి పట్టుట సామాన్యము కాదు. కాని ఈ జాతి రచనలలో దుఃఖించువాడెవడు? మూడున్నర శతాబ్దముల తరువాత వచ్చి చూచిన కవి. దేనినిగూర్చి దుఃఖించుచున్నాడు? కోటను, గుడిని, పోయిన సిరిని గూర్చి. ఇది విభవనాశజన్యమైన కరుణము, విద్రవజన్యము కాదు. శిథిలములున్నవి, మనుష్యులు లేరు. వెడలిపోయినవాని దుఃఖము వేరు. అతని కంటికి శిథిలములు కానరావు. అతడు విడిచిననాటికి ఇల్లు నిలిచియే యున్నది, మనస్సులో ఇంకను నిలిచియే యుండును. శిథిలకవి చూచునది కూలిన ఇల్లు; శరణార్థి కలలో చూచునది కూలని ఇల్లు.

ఈ కూలని ఇంటిని చూపిన గ్రంథము తెలుగున ఒకటి కలదని మా అభిప్రాయము. అది "రాయవాచకము". విజయనగర పతనానంతరము మధుర నాయకుల ఆస్థానచ్ఛాయలో పుట్టినదని నేడు పలువురు పరిశోధకులు భావించు ఈ వచనగ్రంథములో కథ కృష్ణరాయల కాలముననే నిలిచియున్నది. రాజధాని చెక్కుచెదరక యున్నది. చారులు వార్తలు తెచ్చుచున్నారు, మంత్రులు మాటలాడుచున్నారు, దండు కదలుచున్నది. దీనిని చరిత్రాధారముగా చదివినవారు అందలి పొరపాట్లను లెక్కించిరి. రాజనీతిగా చదివినవారు నాయకరాజుల అధికారసమర్థనమును చూచిరి. రెండును న్యాయమే. మేము మూడవ విధముగా చదువుచున్నాము: దూరదేశమున స్థిరపడిన జనుల నోట ఊరు పడిపోకముందటి కథయే పదేపదే వచ్చుట. పడిపోయినదని చెప్పినచో కథ ముగియును, వెనుకకు చూచుటకు ఏమియు మిగులదు.

తమిళదేశమున స్థిరపడిన రాజకంబళ నాయకుల వలసగాథ ఇంతకంటె సూటియైనది. తురుష్కప్రభువుల బాధకోర్వలేక దక్షిణమునకు పాఱుచుండగా ఏఱడ్డమువచ్చెననియు, ఒడ్డుననున్న కానుగచెట్లు వంగి వంతెనయై దాటనిచ్చెననియు వారి పెద్దలు చెప్పుదురు. 1909 నాటి థర్‌స్టన్ గ్రంథములోనికి ఈ గాథ ఎక్కినది. ఆ చెట్టును వారు పూజ్యముగా చూతురు. ఈ గాథలో మమ్ము నిలిపినది చెట్టు వంగుట కాదు. ఏఱు దాటుటతో గాథ ఆగిపోవుట! ఆవలియొడ్డున ఏమి జరిగినదో గాథకు పనిలేదు. ఈ విషయమున పామరగాథకును పండితకావ్యమునకును భేదము లేదు.

ఇచ్చట భరతుని మఱియొక సూక్ష్మవిభాగమును జ్ఞాపకము చేసికొనవలసియున్నది. కరుణమునకును విప్రలంభశృంగారమునకును వ్యభిచారిభావములు పెక్కు సమానములు: చింత, నిర్వేదము, ఉన్మాదము, జడత, మరణము. అట్లయినచో రెంటికిని భేదమేమి? విప్రలంభము సాపేక్షము, కరుణము నిరపేక్షము. అనగా విరహి ఎంత క్రుంగినను మఱల కలయుదునను అపేక్ష కలవాడు. కరుణమునందు అపేక్షకు తావులేదు. ఈ విభాగమును నాయికానాయకులకే పరిమితము చేయనక్కఱలేదు. ఊరిని విడిచి గుడారములోనో బంధువుల పంచలోనో తలదాచుకొన్నవానికి ఊరితోడి సంబంధము సాపేక్షము. యుద్ధము ముగియును, వాన కురియును, తిరిగి పోవుదుము. స్థిరనివాసమనగా ఆ అపేక్షకు చుక్కపెట్టుట. ఇంటిపట్టా చేతికందిన దినము లోకమునకు శుభదినము. ఆ మనుష్యునికో, విప్రలంభము కరుణముగా మాఱిన దినము. బాహ్యముగా ఏ దుఃఖకారణమును లేదు గాన ఆ దుఃఖమును చెప్పుకొనుటకు అతనికి సిగ్గు, వినుటకు ఇతరులకు విసుగు.

ఈ సూత్రము మాకు మొదట ఊహగా తోచినది. దానికి లక్ష్యము వెదకుచు పోగా దొరకినది, ఆశ్చర్యముగా, మనము ఏటేటను పాఠము చెప్పుచున్న తిక్కన విరాటపర్వము.

అజ్ఞాతవాసమును మనము వీరరౌద్రములకు పూర్వరంగముగా బోధింతుము. మాఱువేషములవలన కలుగు చమత్కారమును, తిక్కన నాటకీయతను, కీచకవధను చెప్పుదుము. పరీక్షలో ప్రశ్నలును అవియే. ఒక్కమాఱు కథను బరువుదించి చూడుడు. దేశము కోల్పోయిన ఒక కుటుంబము పండ్రెండేండ్లు అడవులలో తిరిగి పరరాజ్యము చేరినది. ఆశ్రయము దొరకినది, పనులును దొరకినవి. చక్రవర్తి జూదపుతోడు కంకుడు. గదాయుద్ధవిశారదుడు వంటవాడు వలలుడు. గాండీవధారి అంతఃపురమున ఆటపాటలు నేర్పు బృహన్నల. ఒకడు గుఱ్ఱములను, ఒకడు గోవులను కాయుచున్నాడు. పట్టమహిషి మఱియొక రాణికి చందనము తీయుచున్నది. ఎవరును ఆకలిగొని లేరు. విరాటుడు వారిని పీడించలేదు, సరికదా, ఆదరించినాడు. ఐనను ప్రతియొక్కరును తమ పేరును, తమ వృత్తిని, తమ వరుసలను దాచి బ్రదుకుచున్నారు. పరదేశములలో ఉపాధ్యాయుడు గిడ్డంగి కూలియై, రైతు కాపలావాడై బ్రదుకు ఈనాటి స్థితికి ఇంతకంటె దగ్గఱి చిత్రము ప్రాచీనవాఙ్మయమున మాకు కానరాదు.

సభలో కీచకుడు తన్నినపుడు ద్రౌపది రాజునెదుట మొఱపెట్టుకొన్నది. ఆశ్రయమిచ్చిన రాజు తన బావమఱదిని దండింపలేకపోయెను. భర్త ఎదుటనే యుండియు కంకుడుగనే మాటాడవలసివచ్చెను. నటివలె ఇక్కడ నిలిచి రోదింపకుమనెను. అందుకు ఆమె, తన భర్త నటుడే గాన తనకు ఈ నటీత్వము తగునని ఇచ్చిన ప్రత్యుత్తరమును మనము తిక్కన వాక్చమత్కృతికి నిదర్శనముగా చూపుచుందుము. అది చమత్కారమా? ఒక యేడుగా వేషములో బ్రదికిన స్త్రీ తన కుటుంబస్థితికి పెట్టిన పేరది. మేము ఇరువది యేండ్లకు దగ్గఱగా ఆ పద్యమును పాఠము చెప్పుచున్నాము. తరగతిలో నవ్వు పుట్టుచుండెను, మేమును నవ్వుచుంటిమి.

ఆ రాత్రి ఆమె వంటశాలకు పోయి భీముని లేపును. ఒక్కొక్క భర్తయొక్క పూర్వస్థితిని, నేటి స్థితిని చెప్పుకొని వగచును. వ్యాసభారతములో ఈ ఘట్టము ఇంకను విపులము. చందనము నూఱి కాయలు కాచిన చేతులను ఆమె చూపును. భీముడు ఆ చేతులను తన మొగమునకు చేర్చుకొని ఏడ్చును. పిమ్మట, సుకన్య, సీత, లోపాముద్ర మున్నగువారి కథలు చెప్పి మిగిలిన కొలదికాలము ఓర్చుకొమ్మనును. ఈ క్రమమును పాఠకులు గమనింపవలయును. దృష్టాంతములు చెప్పిన పిదపనే ఆమె, తెల్లవాఱునప్పటికి కీచకుడు బ్రదికియున్నచో తాను బ్రదుకనని స్పష్టముగా పలుకును. అనగా పతివ్రతల కథలు ఆమెకు ఊఱట కలిగింపలేదు. ఆమె మాటను ఇంకను పదునెక్కించినవి. భీముడు అప్పుడు ఆమెను కోపింపలేదు, పాపమనలేదు, పిఱికితనమనలేదు. ఆ మాటను మాటగా తీసికొనెను, ఆమె బాధకు కారణమైనదానిని తొలగింతునని చెప్పెను. కీచకుని చంపుట ఇక్కడ మాకు ప్రధానము కాదు. ఆ నగరమున ఆమెను సైరంధ్రిగా గాక ద్రౌపదిగా ఎఱిగి, ఆ పేరుతో మాటాడి, తుదివఱకు వినినవాడొకడు మేలుకొనియుండుట ప్రధానము. ఈ ఘట్టమున అంగిరసము రౌద్రమా కరుణమా యని చర్చించిన మన విమర్శ ఈ వినుటను చూడలేదు.

ఆధునిక కాలమునకు వత్తము. తెలుగువారికి సామూహిక విద్రవానుభవము లేదనువారు బర్మాను మఱచుచున్నారు. 1931 నాటి జనగణనమునకు బర్మాలో తెలుగువారు లక్షన్నరకు మించియుండిరి. గోదావరి ముఖమునగల కోరంగి రేవునుండి మొదట ఓడలెక్కిరి గాన అక్కడివారు తెలుగువారందఱిని కోరంగీలనిరి. ఒక్క ఊరిపేరు ఒక జాతికంతకు ఇంటిపేరైనది. 1930 మే నెలలో రంగూను రేవు కూలీల సమ్మె వెంబడి చెలరేగిన అల్లరులలో నూఱుమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు తెలుగు కూలీలు. 1942లో జపానుసేనల రాకతో లక్షలకొలది భారతీయులు అరకాను కొండలదారిని, ఈశాన్యారణ్యముల దారిని కాలినడకన వెడలిరి; వేలకొలది దారిలోనే రాలిపోయిరి. మిగిలినవారికి 1962లో సైనికప్రభుత్వము, వెంబడి వర్తకముల జాతీయీకరణము, 1964 మేలో పెద్ద క్యాటు నోట్ల రద్దు. భరతుడు చింతకు విభావములుగా చెప్పిన ఐశ్వర్యభ్రంశము, ఇష్టద్రవ్యాపహారము ఒక్క ప్రకటనలో సంభవించినవి. ఓడలపై తిరిగివచ్చినవారిలో తెలుగువారు కొందఱు విశాఖపట్టణమున కంచరపాలెములో స్థిరపడిరి. ఆ చోటికి బర్మాక్యాంపు అని పేరు. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావారు! అదే 1964లో కుదిరిన శాస్త్రి–సిరిమావో ఒడంబడికవలన సింహళమునుండి 5,25,000 మందిని భారతదేశము స్వీకరింప నొప్పుకొన్నది. వారిలోను కొందఱు ఆంధ్రదేశమునకు వచ్చిరి. ఈ ఉభయుల పునరావాసమునకై 1969లో మదరాసున రెప్కో బ్యాంకు ఏర్పడినది. ఋణమునకు బ్యాంకు ఏర్పడినది; చింతకు ఏమి ఏర్పడినదో చెప్పు నవల ఏది? రంగూను పేరు మన రంగస్థలమునకు తెలిసినది "రంగూన్ రౌడీ" వంటి నాటకములవలన. పోయినవాని కథకున్న ప్రేక్షకులు తిరిగివచ్చినవాని కథకు లేకపోయిరి.

ఆనకట్టల ముంపు మాట సంగ్రహముగా చెప్పుదుము. శ్రీశైలము నీట కర్నూలు, మహబూబునగరు జిల్లాల ఊళ్లు ఎన్నో మునిగినవి. నిర్వాసిత కుటుంబములకు ఉద్యోగములిత్తుమని 1986లో వెలువడిన 98వ సంఖ్య ఉత్తరువును నమ్మి దశాబ్దములు వేచినవారు కలరు. సాపేక్షమైన నిరీక్షణము మనుష్యుని నిలుపును. కాని ఒక తరము దాటిన నిరీక్షణమును విప్రలంభమనవలెనా, కరుణమనవలెనా? సూత్రము ఇక్కడ కొంత తడబడుచున్నది.

ఆ తడబాటు వైద్యులు సేకరించిన లెక్కలలోను కానవచ్చును. 1990 ప్రాంతమునుండి భూటానుదేశము తన దక్షిణభాగమున నేపాలీభాష మాటాడు ప్రజలను వెడలగొట్టగా, సుమారు లక్షమంది తూర్పునేపాళమునందలి శిబిరములలో పదునేడేండ్లవఱకు గడపిరి. 2007 చివరనుండి వారిని అమెరికా మున్నగు దేశములు స్వీకరించినవి. మంచి ఇండ్లు, పిల్లలకు బడులు, వైద్యము లభించినవి. 2009–2012 సంవత్సరముల మధ్య అమెరికాలో వారిలో పదాఱుగురు తమ ప్రాణములు తామే తీసికొనిరి. ఆ దేశపు ప్రభుత్వ వైద్యసంస్థ లెక్కకట్టగా లక్షకు 20కి పైగా తేలినది. అమెరికా సామాన్యజనులలో అది 12 చిల్లర. అందు పలువురు వచ్చిన మొదటి సంవత్సరముననే మరణించిరి. దీనితో ఆగినచో మా సిద్ధాంతమునకు చక్కని బలము. కాని శిబిరములలోని లెక్కయు ఇంచుమించు ఇంతయే యున్నది. శిబిరమున అపేక్షయుండిన, అక్కడ తక్కువయుండవలదా? పదునేడేండ్ల శిబిరమున అపేక్ష అప్పటికే ఇంకిపోయెననుట ఒక సమాధానము. దానికంటె మాకు ముఖ్యముగా తోచునది వేఱు: అన్నము, గృహము, రక్షణము అన్నియు పెరిగినను ఆ సంఖ్య తగ్గలేదు. దుఃఖము వారితోపాటు సముద్రము దాటినది.

ఆ వైద్యులే జీవించియున్నవారిని కూడ ప్రశ్నించిరి. ప్రాణత్యాగపు తలంపు ఎవరిలో అధికమని చూడగా, ఇంటిని పోషించు స్థానమును కోల్పోయినవారిలోను, తమకు తోడెవరును లేరని భావించువారిలోను, మనోవ్యాకులత చిహ్నములు కలవారిలోను అధికముగా కనబడినది. భాష రాకపోవుట, ఎడబాసిన బంధువులు, పని దొరకకుండుట వారు చెప్పుకొన్న కష్టములు. ఇది చదివినపుడు మాకు కంకుడును, వలలుడును, కాయలు కాచిన చేతులును జ్ఞాపకమునకు వచ్చుట సహజమే కదా. పోషకుడు పోష్యుడగుట, పిల్లలు క్రొత్తభాష పట్టుకొని తండ్రికి దుబాసీలగుట, ఇంటిపెద్ద వీధిలో మూగవాడగుట. ఇవి ఒక్కనాటి విపత్తులు కావు గాన పద్యమునకు లొంగవు.

మన కరవుసాహిత్యము ఈ విషయమున ఎంతదూరము పోయినది? విద్వాన్ విశ్వంగారి "పెన్నేటిపాట" 1956లో వెలువడినది. అంతకు కొలదియేండ్లముందే రాయలసీమలో గంజికేంద్రములు నడచినవి. రంగన్న, గంగమ్మల కాపురమును ఆధారముగా చేసికొని ఆ కావ్యము క్షామమును ఒక సంఘటనగా గాక దినచర్యగా చూపినది. అది దాని ఘనత. సింగమనేని నారాయణగారి "జూదం" వేరుసెనగ సేద్యమునకు తగిన పేరుపెట్టినది. బండి నారాయణస్వామిగారి "శప్తభూమి", 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారమునందిన నవల, ఈ నేల దుఃఖమునకు పదునెనిమిదవ శతాబ్దపు వేళ్లను వెదకినది. వీరందఱును ఇక్కడ నిలిచినవారిని చూచిరి. అది వారి సంకల్పము గాన దోషముగా నెంచరాదు. దోషము సామాన్యకథకులలో కలదు. వారి కథలలో రైతు వలసపోవుటతో కథ ముగియును. లేక మరణించుటతో ముగియును. రెండును కథకునికి సుకరములైన ముగింపులు. బస్సు కదలెను, తెర. ఇంటిలో ఏడ్పులు వినవచ్చెను, తెర. మరణమును తప్పనిసరి ముగింపుగా చూపుటవలన దుఃఖము గాఢమగునని వారి భ్రమ. గాఢమగునది దుఃఖము కాదు, వేఱుదారి లేదను భావము. ఆ కథ చదువువారిలో అదే స్థితిలోనున్నవాడొకడు ఉండవచ్చునని కథకుడు తలపోయవలదా? భరతుడు మరణమును వ్యభిచారిభావములలో చేర్చెనే కాని ప్రబంధమునకు ముగింపుగా విధింపలేదు.

బెంగుళూరులో సగము కట్టిన మేడ క్రింద, ఇనుపరేకుల గదిలో, కాపలాకు కుదిరిన పుట్టపర్తి ప్రాంతపు రైతుదంపతులను తలచుడు. భూమి అమ్ముడుపోలేదు, బీడు పడియున్నది. తిరిగిపోవుదుమను మాట పండుగపండుగకు ఒక యేడు వెనుకకు జరుగుచుండును. భర్తకు నిద్రపట్టదు, భార్య అది రాత్రికాపలా అలవాటనుకొనును. మనోవ్యాధులకు దేశమున పేరొందిన నిమ్హాన్స్ ఆసుపత్రి ఆ ఊరిలోనే యున్నది. ఐనను తన బాధకు వ్యాధియను పేరుండునని ఆ మనుష్యుడెఱుగడు. చింత, జడత, నిర్వేదము అను మాటలు మన అలంకారగ్రంథములలో లక్షణసహితముగా ఉన్నవి; అతని నోట "మనసు బాగలేదు" అను మాట ఒక్కటియే. ఈ రెంటి నడుమ వంతెన వేయుట మనవంటివారి పని కాకపోయినను, తెలిసిన మాట తెలుపుట మన పనియే: 2022 అక్టోబరులో ఏర్పడిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను తెలుగులోనే మాటాడవచ్చును. సాహిత్యపత్రికలో ఇట్టి సంఖ్యను ముద్రించుట సంప్రదాయము కాదని ఎఱుగుదుము.

ఈ వ్యాసమునకు మూలమేదో చెప్పి విరమింతుము. కొన్ని యేండ్ల క్రిందట మేము దిద్దిన ఉత్తరపత్రములలో, "విరాటపర్వమునందు తిక్కన నాటకీయతను వివరింపుము" అను ప్రశ్నకు ఒక విద్యార్థి నాటకీయతను గూర్చి ఒక్క వాక్యమైన వ్రాయలేదు. ద్రౌపదికి ఆ ఊరిలో అన్నియు ఉన్నవనియు, తన నిజమైన పేరు తెలిసినవారు మాత్రము పగటిపూట లేరనియు, కావుననే ఆమె రాత్రి వంటశాలకు పోయెననియు వ్రాసినాడు. ఆ క్రింద, తన తల్లిదండ్రులు ఆఱేండ్లుగా బెంగుళూరున ఉన్నారని, అక్కడివారికి తన తండ్రి పేరు తెలియదని, అందఱు వాచ్‌మనని పిలుతురని రెండు పంక్తులు వ్రాసి కొట్టివేసినాడు. కొట్టివేతక్రింద అక్షరములు కనబడుచునే యుండెను. ప్రశ్నకు సంబంధము లేదని తలచి, పదింటికి మేము మూడు మార్కులు వేసితిమి.